మూడొందల బరువు, ఒక అల్లం బండ

ముందే చెప్తున్నా, దీనికంతటికీ కారణం మా బావమరిది. ఇంజినీరింగ్ ఫైనలియర్. మొన్న నాలుగు రోజులుండి పోతూ పోతూ నా కంప్యూటర్లో సేల్లో ఉందని స్కైరిమ్ అనే ఆట కొనిపించి, "బావా, వంద గంటలు ఇట్టే అయిపోతాయి, నీకే తెలీదు" అన్నాడు. నాకు ప్రతి గంటా తెలిసింది. సోమవారం రాత్రి ఒకటైతే అరిగిపోయేదాకా తెలిసింది.

2011లో వచ్చిన ఆట, ఇప్పటికీ ఆడుతున్నారంటే ఏదో ఉండే ఉంటుందనుకున్నా. మొదట్లో ఉంది కూడా, డ్రాగన్ వస్తుంది, ఊరు తగలబడుతుంది, మనం తప్పించుకుంటాం. ఆ తర్వాత మొదలవుతుంది అసలు జీవితం. ఒకడు ప్రేమలేఖ ఇచ్చి ఫలానా అమ్మాయికి చేర్చమంటాడు. ఇంకొకావిడకి మామత్ దంతం కావాలట. మందుల కొట్టావిడ ఏదో ఉప్పు చేతిలో పెట్టి, కోటలో ఉన్న మంత్రగాడికి ఇచ్చి రమ్మంటుంది. లోకాన్ని కాపాడాల్సిన వీరుణ్ణి నేను, నా చేతిలో ఉప్పు పొట్లం. ఇదే మా ఆవిడ కింద కొట్టుకెళ్లి కరివేపాకు తెమ్మంటే "ఐదు నిమిషాలాగు, ఇంపార్టెంట్ పనిలో ఉన్నా" అని అరిచింది కూడా నేనే, అదీ ఆ ఉప్పు పట్టుకుని కోట మెట్లెక్కుతూ.

సరే, ఇవన్నీ భరించొచ్చు. బరువు మాత్రం భరించలేం. ఆటలో మనం మోయగలిగింది మొదట్లో 300. అది దాటి ఒక్కటి ఎక్కువైనా పరుగు బంద్, మ్యాప్ మీద నొక్కి చటుక్కున ఊరికి చేరే సౌకర్యం బంద్, ఇక నిండు నెలల గర్భిణిలా అడుగులో అడుగేసుకుంటూ పోవాలి. చచ్చిన డ్రాగన్ దగ్గర ఎముకలు, పొలుసులు దొరుకుతాయి, ఎముక ఒక్కోటి 15, పొలుసు 10. తెలివైనవాడు నాలుగు తీసుకుని మిగతావి వదిలేస్తాడు. ప్లాస్టిక్ కవర్లన్నీ ఇంకో ప్లాస్టిక్ కవర్లో కుక్కి తలుపు వెనక తగిలించే ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు వదలడం చేతకాదు. ఎముకలన్నీ ఎత్తా, పొలుసులన్నీ ఎత్తా, అప్పటికే దార్లో ఎవరింట్లోనో కనబడ్డాయని ఎత్తుకొచ్చిన చీజ్ చక్రాలు పదిహేడున్నాయి. ఎందుకని అడక్కండి.

ఈ మోతకూలీ తెలివి కంప్యూటర్లతో వచ్చింది కూడా కాదు. 1974లో కాగితాలు, పాచికలతో బల్ల చుట్టూ కూర్చుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చినప్పుడే ఎవడెంత మోస్తున్నాడో బంగారు నాణేల బరువులో లెక్క కట్టేవాళ్లు. యాభై ఏళ్లుగా రాక్షసులు మారారు, బొమ్మలు మారాయి, సామాను తూచే గుమాస్తా మాత్రం మారలేదు.

మోయడానికి లిడియా అని తోడు ఒకావిడ ఉంటుంది. ఆవిడ పోయింది. నా గొడ్డలికే. ఆ సంగతి వదిలేద్దాం.

కాబట్టి ఎనభై ఎక్కువ బరువుతో నేనూ, ఎదురుగా వైట్‌రన్ ఊరూ. డబ్ల్యూ కీ మీద వేలు పెట్టి నొక్కి ఉంచాలి, అంతే ఆట. ఒక నిమిషం, రెండు నిమిషాలు, ఒక చెట్టు పక్కనుంచి వెళ్లిపోయింది. అయిదో నిమిషానికి వేలు తిమ్మిరెక్కింది. అప్పుడు నాకో ఐడియా వచ్చింది, వంటింట్లోకెళ్లి అల్లం దంచే బండ తెచ్చా. నేరుగా పెడితే పక్కన క్యూ, ఈ కూడా నొక్కుకుపోతున్నాయి, అందుకని పెద్దాడి కంపాస్ బాక్సులోంచి రబ్బరు తీసి డబ్ల్యూ మీద నిలబెట్టి, దాని మీద బండ ఆనించి, బండకి దన్నుగా వాడి సోషల్ పుస్తకం పెట్టా. బీటెక్‌లో కూడా ఇంత శ్రద్ధగా ఏదీ కట్టలేదు. వీరుడు తనంతట తాను నడుస్తున్నాడు. నేను వెళ్లి బాల్కనీలో బట్టలు ఆరేశా. అంటే చూడండి, ఆట ఆడటం కంటే బట్టలు ఆరేయడం నాకు హాయిగా ఉంది.

"ఏమండీ, అల్లం బండ చూశారా?" అని వంటింట్లోంచి కేక. వినబడనట్టు లోపలికొచ్చా.

వైట్‌రన్ లేదు, వీరుడూ లేడు. తెర నిండా ఆఫీసు చాట్. మా టీం లీడ్ రాత్రి పదీ నలభైకి గ్రూపులో అడుగుతున్నాడు, ఆ మైగ్రేషన్ రిపోర్ట్ ఎప్పటికిస్తావని. లీడ్ మెసేజ్ పెడితే మనం ఏ పనిలో ఉన్నా ఆ చాట్ ఎగిరొచ్చి ముందు కూర్చునేలా సెట్టింగ్ ఒకటుంది, దాన్ని తీసేసే అధికారం మనకి లేదు. ఎగిరొచ్చింది. కింద నా జవాబు రాసే డబ్బాలో డబ్ల్యూ, డబ్ల్యూ, డబ్ల్యూ, వరస తర్వాత వరస, చీమల బారులా, ఇంకా వస్తూనే ఉన్నాయి.

కంగారుగా రబ్బరు లాగా. బండ లాగాల్సింది. బండ ఒరిగింది, గుండ్రటిది కదా, మెల్లగా దొర్లడం మొదలెట్టింది, ఆర్, టీ, వై మీదుగా, ఏ తొందరా లేకుండా, బరువెక్కిన నా వీరుడి నడకే దానికీ అబ్బినట్టు. పట్టుకోవడానికి బోలెడు టైముంది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నా. ఒక్క క్షణం ఎల్ దగ్గర ఆగింది, ఆగిపోయిందనే అనుకున్నా. తర్వాత వెళ్లి సరిగ్గా ఎంటర్ మీద కూర్చుంది.

ఆ గ్రూపులో పద్నాలుగు మంది, అందులో ముగ్గురు క్లయింటు వైపు వాళ్లు.

లీడ్ నుంచి పది సెకన్లలో జవాబు: "వెడ్నెస్‌డేనా? సూపర్! ఈ ఉత్సాహమే కావాలి అందరికీ." క్లయింటాయన చప్పట్ల బొమ్మ పెట్టాడు. కాదు, శుక్రవారం కూడా కష్టమే అని రాయబోతే, ఈలోగా ఇంకో నలుగురు చప్పట్లు కొట్టారు. మామూలు మనిషికి ఒక వారం మొత్తాన్ని డబ్ల్యూలతో చెప్పాల్సిన అవసరం ఏముంటుందని ఒక్కడికీ డౌట్ రాలేదు.

అంత పరువు పోయాక కూడా ఆట మళ్లీ తెరిచి ఊరు చేరుకున్నా. అక్కడ కొట్లు పొద్దున ఎనిమిదికి తీసి రాత్రి ఎనిమిదికి కట్టేస్తారు. కట్టేశారు. పొద్దుటిదాకా కాచుకుని వెళ్తే కొట్టువాడి దగ్గర ఉన్నది 750 నాణేలు, నాలుగైదు ఎముకలకే ఖాళీ, మళ్లీ డబ్బు కావాలంటే రెండు రోజులాగి రావాలట. ఎముకలు, చీజ్ చక్రాలు ఇంకా నా నెత్తి మీదే ఉన్నాయి.

నిన్న బావమరిదికి ఫోన్ చేసి నాలుగు తిట్టా. వాడు అంతా విని, "అదేంటి బావా, సి నొక్కితే వాడే నడుస్తాడుగా" అన్నాడు. ముందే చెప్పొచ్చుగా అంటే, "నువ్వడగలేదుగా" అన్నాడు.

ఇవాళ బుధవారం. రిపోర్టులో ఇప్పటిదాకా శీర్షిక ఉంది. ఇదిగో, తెర మీదకి మళ్లీ ఎగిరొచ్చింది, క్విక్ కాల్ అట. ఉంటా.