మూసీ ఒడ్డున చూడ్డానికి ఏమీ లేదా?

వాట్సాప్‌లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. "హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్ ఒక్కటి చూసి వచ్చేయండి. మూసీ ఒడ్డున ఏమీ లేదు. అది ఎప్పుడూ మురికి కాలువే. ఉన్నవన్నీ ఆఫీసు బిల్డింగులు. ఒక్క చెట్టు కూడా కనపడదు." చదివిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటోంది. ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

చార్మినార్ ఒక్కటేనట. చార్మినార్ 1591 నాటిది. పురానాపూల్ 1578 నాటిది. అంటే ఊరు పుట్టకముందే వంతెన పుట్టింది. గోల్కొండ వైపు నుంచి నది దాటడానికి ఇబ్రహీం కుతుబ్ షా హయాంలో కట్టిన 22 కమానుల రాతి వంతెన. 1908 వరదలో మిగతా వంతెనలు కొట్టుకుపోయినా, ఇది దెబ్బలు తిని నిలబడింది. ఇప్పుడు దాని మీద కూరగాయలు అమ్ముతారు. కొత్తిమీర బేరమాడుతున్నప్పుడు కాళ్ల కింద ఉన్నది నాలుగు వందల ఏళ్లు దాటిన రాయి అని ఎంతమందికి గుర్తుంటుంది!

ఆఫీసు బిల్డింగుల సంగతి. దక్షిణపు ఒడ్డున హైకోర్టు, ఎదురుగా ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. రెండింటికీ నమూనా గీసింది విన్సెంట్ ఎష్ అనే ఆర్కిటెక్టే. నయాపూల్ మీద నిలబడితే రెండింటి గుమ్మటాలూ కనిపిస్తాయి. ఇక సాలార్‌జంగ్ మ్యూజియం సరేసరి. గంట కొట్టే వేళకు అక్కడి గడియారం ముందు పిల్లలూ పెద్దలూ కింద కూర్చుని ఎదురుచూస్తారు. కమ్మరి బొమ్మ సెకను సెకనుకూ సుత్తి వేస్తుంటుంది, ఇంకో గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి వెళ్తుంది. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.

మురికి మాట నిజమే, ఎండాకాలం ముక్కు మూసుకోవాల్సిందే. కానీ "ఎప్పుడూ" అన్నది అబద్ధం. అనంతగిరి కొండల్లో మూసీ మంచినీళ్లతోనే పుడుతుంది. వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు, పైనుంచి వచ్చే నీరు అక్కడ ఆగుతుంది. కింద నగరం డ్రైనేజీని నదిలోకి వదిలింది. ఇది మనం చేసిన పని, నది స్వభావం కాదు.

చివరి మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఒక్క చెట్టు కూడా లేదా? ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని మింగినప్పుడు, దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అంతమంది బరువు మోసిందంటే అప్పటికే ఎంత మానై ఉండాలి! ఏటా అదే తేదీన కొందరు దాని కింద చేరి ఆ రోజును తలుచుకుంటారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు దాని నీడలో రోగుల బంధువులు టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. ఆపరేషన్ టెన్షన్‌లో ఉన్న ఒక పెద్దాయన కాండానికి వీపు ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆ చెట్టు గురించి ఆయనకు చెప్పాలనిపించింది, కానీ లేపబుద్ధి కాలేదు.

ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్లు అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి నాలుగడుగులు వేస్తే చాలు. చింతచెట్టు ఎక్కడని అడగండి, చూపిస్తారు.