జడ్జిగారు పలకరు, ప్లీడరుగారు ఆగరు

మున్సబు కోర్టు ఉన్న ఏ చిన్న ఊళ్ళోనైనా స్వేచ్ఛ లేనివాళ్ళు ఇద్దరే ఉంటారు. సబ్ జైల్లో ఉన్నవాళ్ళ సంగతి కాదు నేను చెప్పేది, వాళ్ళకు బెయిలు అనే ఆశ ఉంది. ఒకరు జడ్జిగారు, ఆయన ఎవరితోనూ మాట్లాడకూడదు. రెండోవారు ప్లీడరుగారు, ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా ఉండకూడదు. వీళ్ళిద్దరి కష్టాల మీద ఇంతవరకు ఏ ప్రభుత్వమూ కమిటీ వేయలేదు కాబట్టి ఆ బరువు నేనే ఎత్తుకుంటున్నాను. మా ఊరి పేరు మాత్రం చెప్పను. చెబితే నోటీసు వస్తుంది, దానికి జవాబివ్వడానికి మళ్ళీ ప్లీడరుగారి గుమ్మమే ఎక్కాలి.

ముందు జడ్జిగారు. కాగితాల్లో ఆయన జూనియర్ సివిల్ జడ్జి, చాలా ఊళ్ళలో అదే కుర్చీలో ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటు కూడా. జనం నోట్లో ఇప్పటికీ మున్సబుగారే. వయసు ముప్పై దాటకపోవచ్చు. చాలా రాష్ట్రాల్లో లా పట్టా చేతికి రాగానే పరీక్ష రాసి నేరుగా కుర్చీ ఎక్కే వీలుండేది. 2025 మేలో సుప్రీంకోర్టు, కుదరదు, మూడేళ్ళు ప్రాక్టీసు చేసి రండి అంది. అంటే కోర్టు ఆవరణలో చెట్టు కింద మూడు ఎండాకాలాలు నిలబడ్డవాళ్ళకే ఫ్యాను కింద కూర్చునే అర్హత. న్యాయమే.

ఊళ్ళో దిగగానే ఇల్లు కావాలి. ఇక్కడే మొదటి చిక్కు. అద్దెకిచ్చేంత ఇల్లున్న ప్రతివాడికీ కోర్టులో ఏదో ఒక దావా ఉంటుంది. దావా లేనివాడికి అద్దెకిచ్చే ఇల్లుండదు. ఎలాగో ఇల్లు దొరికాక క్షవరం. కత్తి గొంతు మీద ఉండగా, "సార్, మా బావమరిది ఇంజంక్షను ఎంతవరకొచ్చిందండీ?" అని వెనక నుంచి ప్రశ్న వస్తే ఆ పరిస్థితిలో నిష్పక్షపాతంగా ఎలా ఉండగలరు? పెళ్ళికెళితే ఏ వైపు పంక్తిలో కూర్చున్నారో ఊరంతా లెక్క పెడుతుంది. గుళ్ళో పూజారి రెండు ప్రసాదం పొట్లాలు ఎక్కువిచ్చాడంటే, దేవుడి మాన్యం కేసు వాయిదా దగ్గర పడిందనుకోవాలి. ఈ మధ్య ఈ కుర్చీలో మేడమ్‌గార్లు ఎక్కువగా కనిపిస్తున్నారు. వాళ్ళకు కూరగాయల బజారు కూడా నిషిద్ధమే. వంకాయలకు బేరమాడి ఐదు రూపాయలు తగ్గించుకున్నారనుకోండి, రేపు ఆ గంపావిడ సాక్షి బోనెక్కితే ఆ ఐదు రూపాయలూ రికార్డులో ఉన్నట్టే.

ఇక ఆయనతో మాట్లాడేదెవరు? పోలీసులు. అరెస్టు చేసినవాణ్ణి 24 గంటల్లోగా మెజిస్ట్రేటు ముందు పెట్టాలి కాబట్టి, ఆ ఇరవై నాలుగో గంట ఎక్కువగా రాత్రి పదకొండు దాటాకే వస్తుంది. లుంగీ మార్చుకుని, కళ్ళు నులుముకుంటూ హాల్లో కూర్చుని, "పోలీసులు కొట్టారా?" అని అడగాలి. పక్కనే నిలబడ్డ కానిస్టేబుల్ వైపు ఓసారి చూసి, లేదండి అంటాడు అతను.

గోదావరి జిల్లాల్లో సంక్రాంతి అయితే మరీ. ఊరంతా బరి దగ్గర ఉంటుంది. జడ్జిగారొక్కరే తలుపులేసుకుని ఇంట్లో కూర్చుంటారు. పండగయ్యాక 1974 నాటి గేమింగ్ చట్టం కింద పట్టుబడ్డవాళ్ళతో పాటు పుంజుల్ని కూడా కేసు ప్రాపర్టీ అని తెస్తారు. కాలికి తాడు కట్టిన కాకి డేగ రకం పుంజు ఒకటి బెంచి క్లర్కు బల్ల కింద చేరి, పిలుపు లేకుండానే హాజరు పలుకుతుంది. దాన్ని ఎన్నాళ్ళని మేపుతారు, వేలం వెయ్యమని ఉత్తర్వు రాయాలి. వేలంలో పాడుకునేదెవరో ఊరందరికీ తెలుసు. జడ్జిగారికి మాత్రం తెలియకూడదు.

ఇప్పుడు ప్లీడరుగారు. మే నెల ఎండలో నల్లకోటు తొడుక్కుని మోటారు సైకిలు మీద వెళ్ళే మనిషిని చూసి జాలిపడకండి. ఎండాకాలంలో హైకోర్టులు, సుప్రీంకోర్టు తప్ప మిగతా చోట్ల కోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నిబంధనలే చెబుతున్నాయి. కానీ కోటు లేకపోతే రిజిస్ట్రారాఫీసులో "ఎవరు మీరు?" అంటారు. ఆ ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికి మనిషి ఎంత చెమటైనా ఓర్చుకుంటాడు.

ఆయన సలహాకు వేళాపాళా లేదు. చేపల బజార్లో, చావింట్లో, రైలు గేటు పడినప్పుడు, ఎక్కడైనా "ప్లీడరుగారూ, చిన్న డౌటండీ" అంటారు. చిన్న డౌటంటే మూడు తరాల పంపకాల తగాదా. పళ్ళెంలో పులిహోర చల్లారిపోతుంటే నడవలేక మంచం పట్టిన పెదనాన్నగారి వీలునామా దాకా ఆయన వింటారు. ఫీజు మాత్రం ఎవరూ ఎత్తరు. ఆఫీసుకొచ్చిన పార్టీ అయితే "సగం ఇప్పుడు, సగం కేసయ్యాక" అంటాడు. ప్లీడర్లు ఫీజు కోసం కేసులు సాగదీస్తారని అనేవాళ్ళు ఈ ఒప్పందాన్ని ఒకసారి చదవాలి. రెండో సగం కళ్ళజూసిన ప్లీడరు మా తాలూకాలో లేడు. అందుకే వాయిదాకింత అని చిల్లర పద్ధతి పెట్టుకున్నారు పాపం.

వాయిదాలకు హద్దుందని మీరు విని ఉండొచ్చు. విచారణ మొదలయ్యాక ఒక పార్టీకి మూడుకు మించి ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో రాసుంది. 2002 నుంచి అమల్లో కూడా ఉంది. తప్పనిసరి పరిస్థితుల్లో సడలించవచ్చని 2005లో సుప్రీంకోర్టు ఓ మాట అంది. అప్పట్నుంచి మా ఊళ్ళో మామూలు పరిస్థితి అన్నది రాలేదు.

ఇద్దరూ కలిసి మోసే ముఖ్యమైన బరువు ప్రోనోటు దావా. అప్పిచ్చినాయన నోటును ట్రంకు పెట్టెలో పెట్టి మూడేళ్ళు మర్యాదగా అడుగుతాడు. గడువు రేపటితో తీరిపోతుందనగా, ఈరోజు నాలుగింటికి పరిగెత్తుకొస్తాడు. ప్రతివాది 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, మహా అయితే 90. ఆ తొంభై కూడా అంత గట్టి తొంభై కాదని పై కోర్టు చెప్పేసింది. చివరికి వచ్చిన జవాబులో నాలుగు అంచెల రక్షణ ఉంటుంది: సంతకం నాది కాదు, నాదే అయినా ఖాళీ కాగితం మీద పెట్టాను, రాసిన కాగితం మీదే పెట్టినా ప్రతిఫలం ముట్టలేదు, ముట్టినా ఎప్పుడో తీర్చేశాను.

అప్పుడు నోటు రాసిన దస్తూరీదారు బోనెక్కుతాడు. దేవుని ఎదుట అంతా నిజమే చెబుతానని ప్రమాణం అవుతుంది. ఛీఫ్, అంటే తన వైపు చెప్పే మొదటి సాక్ష్యం, ఇప్పుడు అఫిడవిట్ రూపంలో ఇస్తారు కాబట్టి అతను ఏం చెప్పాడో ఇంగ్లీషులో ముందే టైపై ఉంటుంది. ఇక ఎదుటి పక్షం ప్లీడరుగారు క్రాసు ప్రశ్నలు మొదలుపెడతారు.

"ఈ అఫిడవిట్లో ఏముందో మీకు తెలుసా?"

"ప్లీడరుగారు రాయించారండి, అంతా కరెక్టే."

"మీరు అబద్ధం చెబుతున్నారని నేనంటున్నాను."

"అయ్యో, అదేం మాటండీ!"

సాక్షి తెలుగులో బాధపడతాడు, జడ్జిగారు ఇంగ్లీషులో డిక్టేటు చేస్తారు, స్టెనో టైపు కొడుతుంది. "నేను అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాననడం నిజం కాదు" అని రికార్డవుతుంది. చదివి వినిపించగా నిజమని ఒప్పుకున్నట్టు కింద సంతకం. ఇంటికెళ్ళేటప్పుడు సాక్షి ప్లీడరుగారి గుమాస్తాను పక్కకు లాగి, "నేను చెప్పింది నిజమని రాశారా, కాదని రాశారా?" అని గుసగుసగా అడుగుతాడు. గుమాస్తా, "మనకు అనుకూలంగానే రాశారు" అంటాడు.

ఇలా సాగుతుండగా వాదనలు విన్న జడ్జిగారికి బదిలీ వస్తుంది. బార్ రూములో శాలువా, పూలదండ, "ఇలాంటి జడ్జిగారు మళ్ళీ రారు" అని ఉపన్యాసం. కొత్తవారు వచ్చి వాదనలు మళ్ళీ మొదటి నుంచి వింటారు. ఏ మాటకామాటే, ఆయన్ని తప్పుపట్టలేం. పది లక్షల జనాభాకు 50 మంది జడ్జిలుండాలని లా కమిషన్ 1987లో చెప్పింది. ఇప్పటికీ అందులో సగం దాటలేదు. దేశంలో కింది కోర్టుల్లో 4 కోట్లకు పైగా కేసులున్నాయి. మా వాది వాటిలో ఒకడు.

ఎట్టకేలకు డిక్రీ, అంటే బాకీ కట్టమన్న తీర్పు, వస్తుంది. స్వీట్లు పంచకండి. మన దేశంలో దావా వేసినవాడి కష్టాలు డిక్రీ చేతికొచ్చాకే మొదలవుతాయని 1872లోనే, దర్భంగా నుంచి వెళ్ళిన ఓ కేసులో లండన్లోని ప్రివీ కౌన్సిల్ అన్నది. డిక్రీ అమలు చేయించమని ఈపీ అనే పిటిషన్ వేస్తే, జప్తుకెళ్ళిన అమీనాకు, అంటే కోర్టు జవానుకు, ప్రతివాది ఇంట్లో చట్టం ముట్టుకోవద్దన్నవే కనిపిస్తాయి. వంటపాత్రలు, మంచాలు, పరుపులు, వ్యవసాయం పనిముట్లు, ఎడ్లు. టీవీ ఎదురింటివాళ్ళది. ట్రాక్టరు బామ్మర్దిది. ఇల్లు భార్య పేర. ఈపీలు ఆరు నెలల్లో తేల్చాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది, అమీనా కూడా ఆ తీర్పు చదివే ఉంటాడు.

పోనీ, స్తోమతుండీ ఎగ్గొడుతున్నాడని రుజువు చేసి సివిల్ జైల్లో పెట్టిద్దామా? పెట్టించవచ్చు, మూడు నెలల దాకా. కానీ అక్కడ అతని భోజనం బత్తా కట్టాల్సింది అప్పిచ్చినాయనే. ముందుగా కట్టకపోతే వదిలేస్తారు. బయటికొచ్చాక బాకీ బాకీలాగే ఉంటుంది గానీ అదే డిక్రీ మీద మళ్ళీ జైలుకు పంపడం కుదరదు. ఈ సెక్షన్లు విడమరిచి చెప్పినప్పుడు వాది మొహంలో మారే రంగులు చూసి ప్లీడరుగారు గ్లాసుడు మంచినీళ్ళు తెప్పిస్తారు. కేసు మొత్తంలో పార్టీకి ఉచితంగా దొరికేది అదొక్కటే.

అందుకే రాజీలు కుదిర్చే లోక్ అదాలత్. జడ్జిగారు ఆ ఒక్కరోజు నోరు విప్పి నవ్వుతూ మాట్లాడతారు, ప్లీడరుగారు ఆ ఒక్కరోజు ఊరుకుంటారు. వడ్డీ వదిలేసి అసలు తీసుకోమంటారు. అక్కడి తీర్పును అవార్డు అంటారు, దాని మీద అప్పీలు లేదు. వాది, ప్రతివాది చేతులు కలిపితే పేపరువాళ్ళు ఫోటో తీస్తారు.

ఆ అసలు కట్టడానికి ప్రతివాది దగ్గర డబ్బుండదు కదా. అందుకని సాయంత్రమే మరొకాయన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాసిచ్చాడు. దస్తూరీ పాతాయనే, సాక్షులూ పాతవాళ్ళే. కోర్టులో ఒకసారి క్రాసు తట్టుకుని నిలబడ్డవాళ్ళు కాబట్టి కొత్త అప్పిచ్చినాయన వాళ్ళనే కావాలని అడిగాడు.