మా మనవి: కానుకలు, నగదు, పుష్పగుచ్ఛాలు

ఆహ్వాన పత్రిక నేనే తయారు చేస్తానని నోరు జారింది నేనే, ఎవరూ బలవంతపెట్టలేదు. మా మామగారికి డెబ్భై ఏళ్లు నిండుతున్నాయి. వచ్చే ఆదివారం తిరుపతిలోనే భీమరథ శాంతి. ఒక పేజీ, పైన శ్రీవారి బొమ్మ, మధ్యలో వివరాలు, కింద కుడి మూల మామగారి ఫోటో. ఇందులో కష్టమేముంది అనుకున్నాను.

వర్డ్‌లో ఫోటో పెట్టగానే అది పెద్ద అక్షరంలా వాక్యం మధ్యలో కూర్చుంది. మామూలుగా అక్కడ బొమ్మకూ అక్షరానికీ తేడా ఉండదట. ఎటు లాగినా మళ్లీ ఏదో ఒక వరుసలోనే దూరుతోంది. విసుగొచ్చి, బొమ్మ అక్షరాల మీద తేలే పద్ధతికి మార్చాను. నా కొంప మునిగింది అక్కడే. మునిగిన చప్పుడు మాత్రం రెండు రోజులు ఆలస్యంగా వినబడింది.

ఇంతలో మా బావమరిది ఫోను. ఆహ్వానించేవారిలో వాళ్ల పిల్లల పేర్లు లేవట. పెద్దవాడికి నాలుగేళ్లు, వాడు ఎవరిని ఆహ్వానిస్తాడు? సరే, ఒక వరుస చేర్చాను. మామగారు ఒక మెట్టు కిందికి దిగారు. ఫోటో పక్కన చిన్న లంగరు గుర్తు కనబడుతుంది చూడండి, అది ఏ పేరాకు కట్టి ఉంటే బొమ్మ ఆ పేరా వెంటే పోతుంది. స్వర్ణముఖిలోనే నీళ్లు కరువైన ఊరివాడిని, నాకు లంగరు సంగతి ఎవరు చెప్పారు? కంట్రోల్ మీట పట్టుకుని బాణం మీట నొక్కుతూ, మామగారిని వెంట్రుకవాసి చొప్పున పైకి చేర్చేసరికి ముప్పావుగంట పట్టింది.

తర్వాత ఒక డీటీపీ షాపులో ఇచ్చాను, నూట యాభై ప్రతులు తెచ్చాను, అరవై రెండు పంచాను.

నిన్న సాయంత్రం చిత్తూరు నుంచి చిన్నత్తగారు ఫోను చేశారు. గొంతు కాస్త బరువుగా ఉంది. "బాబూ, నగదు ఇచ్చినవాళ్లు పూలు కూడా తేవాలా, ఏదో ఒకటి చాలా?" అన్నారు.

పత్రిక తీసి చూశాను. చివరి వరుస నేను రాసింది: "మా మనవి: కానుకలు, నగదు, పుష్పగుచ్ఛాలు వద్దు." అచ్చయింది: "మా మనవి: కానుకలు, నగదు, పుష్పగుచ్ఛాలు". ఆ తర్వాత మామగారి ఫోటో. అదీ ఎలాంటి ఫోటో? పదవీ విరమణ రోజున తీసింది. రెండు చేతులూ జోడించి, తల కొద్దిగా వంచి, కళ్లలో తడి. "వద్దు" అనే మాట ఆ జోడించిన చేతుల వెనక భద్రంగా ఉంది. మూడు వస్తువుల జాబితా, పక్కనే దీనంగా దండం పెడుతున్న పెద్దమనిషి. కొండమీద హుండీ కూడా ఇంత వివరంగా అడగదు. ముప్పై నాలుగేళ్లు తెలుగు పండితుడిగా పనిచేసి, పిల్లలు తెచ్చిన జామకాయ కూడా ముట్టని మనిషి ఆయన. పుష్పగుచ్ఛం ఆకారంలో రమారమి ఎంత ఉండాలో కూడా పక్కన వేయలేదేమని మా తోడల్లుడు అడిగాడు. వాడికి ఇలాంటివి బాగా కనబడతాయి.

వెంటనే షాపుకు పరుగెత్తాను. తేలిందేమంటే, నేను ముచ్చటపడి వాడిన ధూర్జటి ఫాంటు వాళ్ల కంప్యూటర్‌లో లేదు. కాళహస్తి పక్కనే ఉంది కదా, ఆ కవి పేరున్న అక్షరాలైతే బాగుంటాయని నా మురిపెం. కంప్యూటర్ దానికి బదులు మరో ఫాంటు తొడిగింది. ఆ అక్షరాలు కాస్త వెడల్పు. వరుస కుడివైపుకు సాగి ఫోటో కిందికి దూరింది. పీడీఎఫ్‌గా మార్చి తెచ్చి ఉంటే ఫాంటు కూడా ఫైలుతోపాటే వచ్చేదట. ఈ ముక్క ఆ కుర్రవాడు నాకు ఇప్పుడు చెబుతున్నాడు, డబ్బు తీసుకున్నాక. బిల్లులో "సెట్టింగ్ చార్జీ" అని యాభై రూపాయలు వేరే ఉన్నాయి. ఏం సెట్ చేశాడో?

"అచ్చు వేసేముందు ఒకసారి చదవాలి కదా బాబూ" అన్నాను.

"చదివాను సార్. పెద్దాయనకు అవసరం ఉందేమో, మనకెందుకులే అనుకున్నాను."

మామగారికి చూపించక తప్పలేదు. కళ్లజోడు సవరించుకుని, రెండుసార్లు చదివి, "పుష్పగుచ్ఛాలు అని తప్పు లేకుండా రాశారు అల్లుడుగారూ, సంతోషం" అన్నారు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

పంచినవాళ్లందరికీ ఫోన్లు చేసే పని మా బావమరిదికి అప్పగించాను. మిగిలిన ఎనభై ఎనిమిది పత్రికలకు "వద్దు" అని అచ్చువేయించిన స్టిక్కర్లు అంటిస్తున్నాను. ఖాళీ ఎక్కడుంది? మామగారి ఛాతీ మీదే. యాభై దాకా అయ్యాయి. మా ఆవిడ వచ్చి ఒకటి చేతిలోకి తీసుకుని, "వద్దు కాస్త ఎడమకు పోయింది" అంది.

పోనీ.