మాంటే కార్లో బార్

డాలస్ దగ్గర మా ఇంటి గరాజులో ఏడాదిన్నరగా ఒక 1966 ఫోర్డ్ మస్టాంగ్ నాలుగు స్టాండ్ల మీద కొలువై ఉంది. మా ఆవిడ కారు మాత్రం ఎండకూ వడగళ్లకూ బయటే ఉంటుంది. ఈ రెండో వాక్యం నేను రోజూ వినేదే కనుక ముందే రాసేశాను.

కొన్నప్పుడు అందులో ఉన్నది ఆరు సిలిండర్ల ఇంజను, 120 అశ్వశక్తి. ఆ గుర్రాలన్నీ ముసలివే. వాటిని సాగనంపి 350 కుర్ర గుర్రాల వి8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజను, దించాలని నా కోరిక. చిక్కేమిటంటే, ఈ కారుకు లారీలకు ఉన్నట్టు ఈ కొస నుంచి ఆ కొసకు ఛాసీ, అంటే అడుగున ఉక్కు చట్రం, లేదు. ముందు రెండు పట్టాలు, వెనక రెండు పట్టాలు, వాటి మధ్య అప్పడం లాంటి నేల రేకు. బలమైన ఇంజను పెట్టి గట్టిగా తొక్కితే బండి తడిబట్ట పిండినట్టు మెలితిరుగుతుంది. అందుకని ముందు పట్టాలను వెనక పట్టాలతో కలుపుతూ రెండు ఉక్కు దూలాలు వెల్డింగ్ చేస్తారు. వీటిని సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు అంటారు. ఇంజను గదిలో అటూ ఇటూ ఉండే షాక్ టవర్లు, అంటే ముందు చక్రాల స్ప్రింగులు ఆనుకునే బురుజులు, కదలకుండా అడ్డంగా ఒక కడ్డీ బిగిస్తారు. మస్టాంగ్‌నే రేసులకు తీర్చిదిద్దిన 1965 షెల్బీ జీటీ350లోనూ అది ఉండేది. దాని పేరు మాంటే కార్లో బార్.

ఆ పేరే కొంప ముంచింది. రసీదు మా ఆవిడ చేతిలో పడింది.

"ఏమండీ, ఆఫీసు పనని చెప్పి బార్‌కు వెళ్లారా?"

కడ్డీ తెచ్చి చూపించాను. ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. "ఈ ఇనపగొట్టానికా ఇంత డబ్బు! బార్‌కు వెళ్లినా బాగుండేది."

ఇక దూలాల పని. తుప్పు పట్టిన నేల రేకు కోసేశాను. అడ్డంగా ఉన్నాయని తలుపులు ఊడదీశాను. కింద దూరడానికి వీలుగా ఉంటుందని స్టాండ్లు రెండు కొసలకూ జరిపాను. మూడు ఆదివారాలు వెల్డింగ్ చేసి, కొత్త రేకు వేసి, తలుపులు బిగించబోతే కింద సందులో వేలు దూరుతోంది, పైన గోరు కూడా దూరడం లేదు.

మా అక్కయ్య భర్త వంతెనలు కట్టే ఇంజనీరు. పిలిపించాను. టేపు పట్టుకుని నేల మీద పడుకుని చూశారు.

"ఏమోయ్, దూలాన్ని రెండు కొసలా ఆనించి మధ్యలో వదిలేస్తే ఏమవుతుంది?"

"కుంగుతుంది బావగారూ" అన్నాను, బడిపిల్లాడిలా.

"కుంగినదాన్ని కుంగినట్టే ఉంచి ఉక్కు అతికావు. ఇక ఈ కారు జన్మలో వంగదు. నిటారు కమ్మన్నా కాదు."

బరువు చక్రాల మీదే ఉంచి, తలుపులు బిగించి, సందులు కొలుచుకుంటూ, అటు కాస్త ఇటు కాస్త కుట్లు వేసినట్టు వెల్డింగ్ చేయాలట. చదివిన ప్రతిచోటా ఈ మాట ఉండే ఉంటుంది. నేను గుర్రాల అధ్యాయం నుంచి మొదలుపెట్టాను.

అంతా కోసి మళ్లీ అతకాల్సిందే. కానీ శనివారం గుడిలో వాహన పూజకు ముహూర్తం పెట్టుకున్నాం. మా ఆవిడను కూర్చోబెట్టి, ఆవిడ వైపు తలుపును బావగారు భుజంతో ఒక్క తోపు తోశారు. మూసుకుంది. మళ్లీ తెరుచుకోలేదు. నా వైపుది అసలు మూతపడకపోతే కొబ్బరితాడుతో సీటుకు కట్టేశాను.

గుడి దగ్గర పంతులుగారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతి ఇచ్చి, "తలుపు తీయండమ్మా, స్టీరింగుకు కుంకుమ పెట్టాలి" అన్నారు.

"రాదండీ."

కిటికీలోంచి తీర్థం అందించి ఆయన నా వైపు వచ్చారు. తాడు చూసి, ఇదేదో దిష్టికి కట్టింది కాబోలనుకుని ముడి మీద చెయ్యి వేశారు.

లోపలి నుంచి మా ఆవిడ కేక వేసింది. "అది విప్పకండి పంతులుగారూ! బండి బలమంతా దాంట్లోనే ఉంది."