సవరణ: మధ్యలోని ‘ఓ’ ఎప్పుడు పోతుంది?

చెన్నైలో మెడికల్ అసిస్టెంట్ సర్టిఫికేషన్ పరీక్షకు చదువుతున్న మనవాళ్ల కోసం పెట్టిన గత పోస్టులో, ఇంగ్లిష్ వైద్య పదాల ముక్కలు కలిపేటప్పుడు ‘రెండో ముక్క అచ్చుతో మొదలైతే మధ్యలోని ఓ తీసేయాలి’ అని ఉంది. అది సగమే నిజం. ఆ నియమం చివర చేరే ప్రత్యయానికే. గాస్ట్రోకి (జీర్ణాశయం) ఐటిస్ (వాపు) చేరితే ఓ పోయి గాస్ట్రైటిస్ అవుతుంది. రెండు ధాతువులు కలిసినప్పుడు మాత్రం రెండోది అచ్చుతో మొదలైనా సాధారణంగా ఓ నిలుస్తుంది: గాస్ట్రోఎంటరైటిస్. ఇందులో ఎంటరో (పేగు) చివరి ఓ పోయింది చూడండి, దాని వెనక వచ్చింది ప్రత్యయం కాబట్టి. మన సంధుల అలవాటు ఇక్కడ అక్కరకు రాదు.

ఆ పోస్టు పట్టికలో మూడు ప్రత్యయాలకూ ‘కోత’ అనే ఉంది. ఎక్టమీ అంటే తీసేయడం, ఆటమీ కోయడం, ఆస్టమీ కొత్త దారి ఏర్పరచడం. కోలెక్టమీలో పెద్దపేగును మొత్తంగానో కొంతో తీసేస్తారు. కోలాస్టమీలో దాన్ని పొట్ట గోడ మీదికి తెరుస్తారు.

ఇలియం ఒకటి కాదు, రెండు. ఐ-ఎల్-ఈతో మొదలయ్యేది చిన్నపేగు చివరి భాగం, ఐ-ఎల్-ఐతో మొదలయ్యేది తుంటి ఎముక పైభాగం. తెలుగులో రాసుకుంటే రెండూ ఒకేలా ఉంటాయి (తమిళ నోట్సులోనూ అంతే), కనుక పక్కన స్పెల్లింగ్ తప్పనిసరి.