25.0 చిల్లర్ గారికి

గౌరవనీయులైన అక్వేరియం చిల్లర్ గారికి,

మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాం అని మొదలుపెట్టడం పద్ధతి. కానీ ఇవాళ ఈ ఇంట్లో క్షేమంగా ఉన్నది మీరొక్కరే. ఆదివారం రాత్రి పదకొండు దాటింది, హాల్లో తడి టవల్ మీద కూర్చుని ఇది టైప్ చేస్తున్నా, మోచేతుల దాకా ఉప్పు ఎండి తెల్లగా పొరలు కట్టింది, గోకితే రాలుతోంది, ఇల్లంతా వెనిగర్ వాసన, ఫ్రీజర్లో బటానీలు తీసేసి నీళ్ళ బాటిళ్ళు కుక్కాం. మీరు మాత్రం స్టాండ్ పక్కన నీలం లైటు వెలిగించుకుని కొత్త పెళ్ళికొడుకులా నిలబడ్డారు.

చేపల ట్యాంకు నీళ్ళు వేడెక్కకుండా చల్లబెడతారని మూడేళ్ళ కింద మిమ్మల్ని తెచ్చినప్పుడు నలభై రెండు వేలు పోశా. పేరులో చిల్లర ఉంది గానీ మీ దగ్గర తీసుకున్నవన్నీ నోట్లే. మా ఆవిడ అప్పుడే అంది, "చేపలకి నలభై వేల ఏసీ, నాకు గడగడలాడే కూలరు" అని. నవ్వి ఊరుకున్నా, ఇంకేం చెయ్యగలను. హైదరాబాద్‌లో కూర్చుని సముద్రం పెంచడం ఏంటని అడిగేవాళ్ళకీ ఇదే నవ్వు. బాపట్ల దాకా పోతే తప్ప అల కనపడని ఊళ్ళో, మూడొందల కిలోమీటర్ల పైనే ఉంటుంది, ఆర్వో నీళ్ళలో లీటరుకి 35 గ్రాముల పైచిలుకు ఉప్పు కలుపుకుని 300 లీటర్ల సముద్రం చేసుకున్నాం. అందులో బుజ్జి, పండు అనే రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక టాంగ్ చేప, ఒక రొయ్య, మెత్తటి పగడాల్లో కాసిని జోవాలు, మష్రూమ్‌లు, అరచేతంత లెదర్ కోరల్. గట్టి పగడాలు 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్నాయి కాబట్టి వాటి జోలికే పోలేదు. ఈ మెత్తటివాటికే నిద్ర చాలట్లేదు.

కరెంటు పోతే ఏం చెయ్యాలో నాకు నోటికొచ్చు సార్. ఇన్వర్టరుంది, 150 ఏహెచ్ బ్యాటరీ ఉంది, సెల్స్‌తో నడిచే ఎయిర్ పంపుంది, డ్రమ్ములో నలభై లీటర్ల ఉప్పునీళ్ళు ఎప్పుడూ కలిపే ఉంటాయి. మరి నిన్నా ఇవాళా కరెంటు ఒక్క నిమిషం పోలేదు. ఫోన్ చేసి ఎవర్నైనా తిట్టుకునే భాగ్యం కూడా లేకుండా చేశారు.

నిన్న మధ్యాహ్నం సూర్యాపేటలో గృహప్రవేశానికి బయల్దేరాం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, అలాంటి ఎండ, బయట 42. ఆటో కింద వెయిటింగ్‌లో ఉంది, చెప్పులేసుకున్నవాణ్ణి మళ్ళీ విప్పి లోపలికొచ్చి మీ మొహం చూసి వెళ్ళా. డిస్‌ప్లే మీద 25.0 డిగ్రీలు. ఎంత ప్రశాంతంగా ఉన్నారో. రాత్రి అక్కడ పులిహోర తింటున్నప్పుడు కూడా గుర్తొచ్చారు, నమ్ముతారా.

ఇవాళ పొద్దున మనసాగక పక్క ఫ్లాట్ ఆంటీకి ఫోన్ చేశా, తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది. ఆంటీ కొంచెం ఆ చిన్న డబ్బా మీద నంబరు చూసి చెప్పండి అన్నా. ఆవిడ నంబరు చెప్పడమే కాదు, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టింది, 25.0, కింద బొటనవేలు బొమ్మ. ఆ వెంటనే వాయిస్ మెసేజ్, "చల్లగానే ఉన్నాయి బాబూ నీ చేపలు, పాపం ఆకలేమో, అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి, గింజలు వేశా."

నోళ్ళు తెరుస్తున్నాయి. ఆకలికి కాదు చిల్లర్ గారూ, ఊపిరాడక. మంచినీళ్ళు పట్టుకున్నంత ఆక్సిజన్ ఉప్పునీళ్ళు పట్టుకోలేవు, 25 డిగ్రీల దగ్గరే ఇంచుమించు ఐదో వంతు తక్కువ, నీళ్ళు వేడెక్కేకొద్దీ ఇంకా తగ్గుతుంది, చేపకేమో వేడెక్కేకొద్దీ ఇంకా ఎక్కువ కావాలి. అందుకే అవి పైకొచ్చాయి. ఆంటీని ఏమంటాను, ఆవిడ ప్రేమగా రెండు గుప్పెళ్ళు వేసింది, అవి కింద కుళ్ళుతున్నాయి. మీ నంబరు చూసి నేను కూడా వాయిస్ మెసేజ్ సగం విని థాంక్యూ ఆంటీ అని పెట్టా. ఆ థాంక్యూ ఇప్పుడు చూసుకుంటే ఒళ్ళు మండుతోంది.

రెండున్నరకి తలుపు తీశాం. తలుపులు, కిటికీలు మూసిన ఇల్లు, లోపల పెనంలా ఉంది. లెదర్ కోరల్ తడిపిన అప్పడంలా రాయి మీద వాలిపోయింది, జోవాలు ఒక్కటీ విచ్చుకోలేదు, పండు నీటి అంచున దవడలాడిస్తోంది. వెనకాల పైపు చాటున అరవై రూపాయల గాజు థర్మామీటరు ఒకటి ఎప్పుడో అంటించి మర్చిపోయా. అది 31 చూపిస్తోంది. మీరు 25.0.

ఇక్కడ ఒక సిగ్గుమాలిన విషయం చెప్పుకోవాలి. నేను మిమ్మల్నే నమ్మా. ఎదురుగా చేపలు ఎగశ్వాస పెడుతుంటే ఆ గాజు ముక్కని బయటికి తీసి, తుడిచి, చంకలో పెట్టుకుని, గ్లాసులో ముంచి, పిల్లకి జ్వరం చూసే థర్మామీటరుతో పోల్చి, నలభై నిమిషాలు దాన్ని పరీక్షించా. చెయ్యి ట్యాంకులో పెడితే గోరువెచ్చగా తగుల్తోంది, ఆ చేతిని కూడా నమ్మలేదు, ఎండలోంచి వచ్చా కదా నా చెయ్యే వేడేమో అనుకున్నా. నలభై రెండు వేలు అబద్ధం చెప్పి అరవై రూపాయలు నిజం చెప్తుందని ఎవడనుకుంటాడు?

చివరికి మీ నుంచి సంప్‌లోకి, అదే ట్యాంకు కింద ఉండే తొట్టిలోకి, వచ్చే పైపు కింద చెయ్యి పెట్టా. చుక్క రావట్లేదు. మీకు నీళ్ళు పంపే చిన్న పంపు ఆగిపోయి ఉంది. అంటే ట్యాంకు నీళ్ళకీ మీకూ సంబంధం తెగి ఎన్ని గంటలైందో, మీ కడుపులో మిగిలిపోయిన లీటరో లీటరున్నరో నీళ్ళని మాత్రం మీరు చక్కగా చల్లబెట్టుకుని, మీ సెన్సారు కూడా ఆ కడుపులోనే ఉంది కాబట్టి దాన్నే కొలుచుకుని, ఆహా 25.0, అంతా బానే ఉంది, కాసేపు పడుకుందాం అని కంప్రెసర్ ఆపుకుని కూర్చున్నారు. మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఇలాగే, తన కుళాయిలో నీళ్ళొస్తే చాలు, గ్రూపులో "ఆల్ ఫ్లాట్స్ వాటర్ ఓకే" అని పెడతాడు. ఆయనకి కనీసం నాలుగో ఫ్లోరు వాళ్ళు తలుపు కొడతారు. మీకు ఎవరు కొట్టాలి, పండు కొట్టాలా?

ఇక ఈ మీరూ గారూ నా వల్ల కాదు. ఒరేయ్, నీళ్ళు రావట్లేదని తెలుసుకోలేవా? ఒక్క బీప్! గోడ మీద ఇరవై రూపాయల బల్లి బొమ్మ కూడా నొక్కితే కూత పెడుతుంది. చల్లబెట్టలేకపోతే చల్లబెట్టలేను అను, ఎర్ర లైటు వెయ్యి, చీకటైపో, డిస్‌ప్లే కాల్చుకో, నేను అర్థం చేసుకుంటా. ఆ సున్నా దేనికిరా? ఇరవయ్యైదు అంటే సరిపోదా, ఇరవయ్యైదు పాయింట్ సున్నా! ఆ పాయింటు పక్కన సున్నా చూసే కదా ఆంటీ నమ్మింది, నేను నమ్మింది, అంత కచ్చితంగా చెప్పేవాడు అబద్ధమెందుకు చెప్తాడులే అని.

నిన్ను అమ్మిన షాపువాడికి ఫోన్ చేస్తే పంపు చిల్లర్‌లో భాగం కాదు సార్, వారంటీ రాదు, మనిషిని పంపుతా, దారిలో ఉన్నాడు అన్నాడు. ఇప్పుడు కూడా దారిలోనే ఉన్నట్టున్నాడు.

ఐసు సంగతి చెప్తా విను. 300 లీటర్లని ఒక్క డిగ్రీ దించాలంటే రెండున్నర మూడు కిలోల ఐసు కావాలి, మా ఫ్రీజర్లో ఉన్నది రెండు ట్రేలు. బండేసుకుని రామ్‌నగర్ చేపల మార్కెట్‌కి పోయా, అప్పటికే బల్లలు కడుగుతున్నారు. ఒకాయన అడిగాడు, "ఎన్ని కిలోల చాప సార్?" చాప కాదు, ఐసే కావాలి, ఇంట్లో చేపలకి అన్నా. "తెచ్చి శానసేపయిందా?" మూడేళ్ళయింది, బతికే ఉన్నాయి అన్నా. ఆయన పక్కనున్నాయన వంక చూసి, మళ్ళీ నా వంక చూసి, "బతికున్నయాటికి ఐసెందుకు సార్, సచ్చినంక కదా ఏసేది" అన్నాడు. పది కిలోలు ఇచ్చాడు, డబ్బులు తీసుకోడానికి మొహమాటపడ్డాడు, పిచ్చోడనుకున్నాడేమో.

ఆ ఐసు అలాగే గుమ్మరిస్తే కరిగి ఉప్పు పల్చబడుతుంది, ఎక్కడి నీళ్ళో కూడా తెలీదు, అందుకని జిప్ కవర్లలో కట్టి సంప్‌లో వేలాడదీశాం. గబగబా దించినా తట్టుకోలేవు, గంటకో డిగ్రీ. లైట్లన్నీ ఆపేసి, వేవ్‌మేకర్‌ని పైకి తిప్పి నీళ్ళు అల్లాడేలా చేసి, మిగిలిన గింజలు సైఫన్‌తో లాగేశా. మా ఆవిడ ఒక్క మాట అనకుండా బెడ్రూములోంచి కూలరు లాక్కొచ్చి ట్యాంకు ముందు పెట్టింది. ఆ గడగడలాడే కూలరే. టేబుల్ ఫ్యాన్ సంప్ మీదకి తిప్పాం, ఒక్క లీటరు ఆవిరైతే చాలు, లెక్క ప్రకారం ట్యాంకు మొత్తం మీద రెండు డిగ్రీల వేడి పట్టుకుపోతుంది. తగ్గిన నీళ్ళకి బదులు ఉత్త ఆర్వో నీళ్ళు పోసుకోవాలి, ఉప్పు ఎగిరిపోదు కదా. మట్టికుండ చేసే పనే ఇది. మా నానమ్మ కుండకి డిస్‌ప్లే లేదు, అందుకే దాని మీద ఎప్పుడూ కోపం రాలేదు.

బావమరిది వీడియో కాల్‌లో చూసి, ఇంకో వారంలో మృగశిర కదా బావా, అప్పటిదాకా లాగించు అన్నాడు. నెంబరు బ్లాక్ చేశా.

పంపు విప్పితే లోపల నత్త. బఠాణీ గింజంత టర్బో నత్త, ఇంపెల్లర్ రెక్కల మధ్య అడ్డం పడి ఉంది. ఆ ఇన్‌టేక్ జాలీ పోయిన నెల క్లీనింగ్‌లో తీసింది నేనే, మళ్ళీ పెట్టనిదీ నేనే, సరే, ఒప్పుకుంటున్నా, రాసి సంతకం పెట్టమన్నా పెడతా. కానీ నేను 25.0 అని ఎవరికీ చెప్పలేదు. సున్నం కూడా పట్టేసి ఉంటే వెనిగర్లో నానబెట్టి టూత్ బ్రష్‌తో రుద్ది బిగించేసరికి ఐదైంది.

స్విచ్ వేశాక నీళ్ళు నీ లోపలికి వెళ్ళడం పైపులో బుడగల్తో సహా కనపడింది. నీ నంబరు 25.0, 26.8, 29.1, 29.9, అలా రెండు మూడు క్షణాల్లో ఎగబాకింది. ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు గుర్రుమని కంప్రెసర్ అందుకున్నావు. పాపం అప్పటిదాకా నీకూ తెలీదు కదా అనిపించింది, ఒక్క క్షణమే. ఆరు గంటలుగా ఆపకుండా మోస్తున్నావు, వెనకాల చెయ్యి పెడితే ఇస్త్రీ పెట్టెలా ఉన్నావు, ఫ్యాన్ నీ వైపు కూడా కొంచెం తిప్పా. నీ కోసం కాదు.

రొయ్య పోయింది. తెల్లగా రాతి సందులో పడుకుని ఉంటే కుబుసమేమో అని చిన్నది ఆశపడింది, కాదు. పండు కిందకి దిగింది. లెదర్ కోరల్ సంగతి రెండు మూడు రోజుల దాకా తెలీదు, లోపల కాపురముండే నాచుని వేడికి బయటికి తోసేస్తే తెల్లబడుతుంది, సముద్రంలో అయితే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు నిలబడినా చాలు, 2016లో గ్రేట్ బారియర్ రీఫ్‌కి పట్టిన గతి అదే. ఇక్కడ ఆరు డిగ్రీలు.

నీ డిస్‌ప్లే మీద నల్ల ఇన్సులేషన్ టేపు రెండు వరసలు అంటించేశా. ఇకనుంచి నువ్వు పని చెయ్యి చాలు, మాట్లాడకు. మాట్లాడే పని అరవై రూపాయల ఆయన చూసుకుంటాడు, ఆయన్ని పైపు చాటు నుంచి తీసి ముందు అద్దానికి మధ్యలో పెట్టాం.

ఇట్లు,
నీ కరెంటు బిల్లు కట్టేవాడు

తా.క. మూడింటికి మెలకువ వచ్చి గోరుతో టేపు ఒక చివర లేపి చూశా. గాజాయన ఇరవయ్యారున్నర దగ్గర ఉన్నాడు. నువ్వు 26.4 అంటున్నావు. మళ్ళీ అంటించేశా.