వెనీర్ అంటే స్టిక్కర్ కాదు

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఆ రీల్ మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది మా పిన్ని కూతురు, డిసెంబరులో తన పెళ్లి. అందులో చెప్పేది ఇదీ: "పన్ను అరగదీయకుండా ఒక్క సిట్టింగులో వెనీర్లు. పుచ్చు రాదు, జీవితాంతం తెల్లగా ఉంటాయి. నచ్చకపోతే తీసేయించుకోవచ్చు."

వెనీర్ అంటే పంటి ముందువైపు అతికించే పలుచటి పెంకు. నా పై పళ్లలో నాలుగింటికి ఏడేళ్లుగా పింగాణీ వెనీర్లున్నాయి. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన గారపళ్లు నావి. కాబట్టి వెనీర్లు వద్దని నేనెలా అంటాను? నా గొడవంతా ఆ రీల్‌తోనే.

"అరగదీయరు" అన్న మాట కొందరికే వర్తిస్తుంది. పళ్లు చిన్నగా ఉన్నవాళ్లకు, మధ్యలో సందులున్నవాళ్లకు అరగదీయకుండా అతికించడం కుదరొచ్చు. మిగతావాళ్లకు సాధారణంగా 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్ల దాకా తీస్తారు. తీయకుండా పైన అతికిస్తే పన్ను ఉబ్బెత్తుగా కనబడుతుంది, చిగురు దగ్గర పాచి పేరుకుంటుంది. అర మిల్లీమీటరే కదా అని నేనూ అనుకున్నా. కానీ ముందు పళ్ల మీద ఎనామిల్, అంటే పంటి గట్టి పైపొర, మందమే సుమారు ఒక మిల్లీమీటరు, చిగురు దగ్గర ఇంకా పలుచన. తీశాక నాలుక పెడితే సున్నం గోడలా గరుగ్గా తగిలింది. అసలువి ల్యాబ్ నుంచి వచ్చేదాకా తాత్కాలికంగా పెట్టిన ప్లాస్టిక్ తొడుగొకటి రెండో రోజే సర్వపిండి కొరికితే ఊడొచ్చింది. ఆ పంటికి కుండనీళ్లు తగిలితే ప్రాణం జివ్వుమంది.

"తీసేయించుకోవచ్చు" అన్నది అన్నిటికన్నా ప్రమాదకరమైన అబద్ధం. ఊడదీసే వెనీర్లు ఒకప్పుడు నిజంగానే ఉండేవి. 1928 ప్రాంతంలో హాలీవుడ్ నటుల కోసం చార్లెస్ పింకస్ అనే డెంటిస్టు తయారుచేసినవి షూటింగ్ వరకే నిలిచేవి, తర్వాత తీసేసేవారు. 1955లో బ్యూనోకోర్ అనే డెంటిస్టు ఎనామిల్‌ను యాసిడ్‌తో గరుకు చేసి అతికించవచ్చని చూపించాడు. 1980లలో పింగాణీని కూడా అలాగే గరుకు చేసి అతికించడం మొదలైంది. ఇప్పటి వెనీర్ తీయాలంటే సాధారణంగా డ్రిల్‌తో అరగదీయాలి. తీశాక కింద మీ పాత పన్ను ఉండదు. ఎనామిల్‌ను తయారుచేసే కణాలు పన్ను బయటికి రాకముందే పోతాయి, అందుకే అది మళ్లీ పెరగదు. తీసిన చోట ఇంకోటి వేయించుకోవాల్సిందే.

"ఒక్క సిట్టింగు" అబద్ధం కాదు, తిరకాసు. కాంపోజిట్, అంటే పంటి రంగు రెజిన్, అయితే ఒక్క పూటలో అయిపోతుంది. కొన్ని క్లినిక్‌లలో మెషీన్ మీద పింగాణీ కూడా అదే రోజు చెక్కేస్తారు. కానీ కాంపోజిట్ మీద చాయ్ మరకలు త్వరగా పడతాయి, అంచులు చిట్లుతాయి, ఆయుష్షు 5-7 ఏళ్లు. ఆ రీల్‌లో ధర కాంపోజిట్‌ది, ఫొటో పింగాణీది! ఇంకో మోసం కూడా ఉంది. వెనీర్ అని చెప్పి పన్ను చుట్టూ చెక్కేసి క్యాప్ పెట్టడం. చవక అని టర్కీ వెళ్లిన బ్రిటన్ వాళ్లు చాలామంది ఇలాగే దెబ్బతిన్నారు. క్యాప్‌కి పైకి కనిపించే పన్నులో సగానికి పైగా పోతుంది, తర్వాత రూట్ కెనాల్ దాకా వెళ్లొచ్చు.

"పుచ్చు రాదు" అంటే, పింగాణీకి రాదు. పింగాణీ, పన్ను కలిసే అంచు దగ్గర ఎప్పటిలాగే వస్తుంది. చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే ముందు దాని సంగతి చూడాలి.

"జీవితాంతం తెల్లగా" అన్నదీ సగమే. పింగాణీ రంగు దాదాపు మారదు, కానీ పక్క పళ్లు పసుపెక్కుతాయి. బ్లీచింగ్ పింగాణీ మీద పనిచేయదు. అందుకే ముందే బ్లీచింగ్ చేయించుకుని, రెండు వారాలు ఆగి, ఆ రంగుకి తగ్గట్టు వెనీర్లు చేయించుకోవాలి. పింగాణీ వెనీర్లు కూడా సాధారణంగా 10-15 ఏళ్లు నిలుస్తాయి. పాతికేళ్ల పెళ్లికూతురు యాభై దాటేలోపు ఒకటి రెండు సార్లయినా మార్పించుకోవాలన్నమాట. ఆ ఖర్చు రీల్‌లో లేదు.

మెయింటెనెన్స్ గురించీ ఒక్క ముక్క లేదు. నేను నిద్రలో పళ్లు కొరుకుతాను, అందుకే రాత్రిళ్లు నైట్ గార్డ్ అనే తొడుగు పళ్లకి పెట్టుకుంటా. బొగ్గు పళ్లపొడి, ఉప్పుతో తోమడం మానేశా. చెరకు గడ, పల్లీపట్టీ ముందు పళ్లతో కొరకను. అమ్మ బ్లౌజు కుడుతూ దారం పంటితో తెంపితే నాకే ఒళ్లు జలదరిస్తుంది. ఇంకోటి, ఫ్లోరైడ్ జెల్ పెట్టించుకునేటప్పుడు వెనీర్లున్నాయని ముందే చెప్పాలి. యాసిడ్ కలిసిన రకం పింగాణీ మెరుపును తినేస్తుంది.

మా చెల్లికి ఉన్నది రెండు పళ్ల మీద లేత తెల్ల మచ్చలు, అంతే. అలాంటివి చాలావరకు బ్లీచింగ్‌తోనో, పైపొరను కాస్త పాలిష్ చేస్తేనో కనబడకుండా పోతాయి. ఈ శనివారం క్లీనింగ్‌కి వెళ్తోంది. డాక్టరుని అడగమని రెండు ప్రశ్నలు చీటీ మీద రాసిచ్చా: అరగదీయకుండా ఏం చేయగలరు? తప్పదంటే వేసేది వెనీరా, క్యాపా?